ఓదెలు చేసిన తాళంచెవి

ఓదెలు పొద్దున చాయ్ గ్లాసును వెంటనే చేతిలోకి తీసుకునేవాడు కాదు. గడప మీదే ఉంచి, వంగి రెండు గుక్కలు తాగాకే ఎత్తేవాడు. నిండు గ్లాసయితే అతని చేతిలో తొణికేది. ఆ వణుకు భార్య రాజవ్వకు తప్ప ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నాడు. గని వర్క్‌షాపులో అతను ఫిట్టర్. చేయి నిలవని ఫిట్టర్‌ను అక్కడ ఉంచరు.

ఒకరోజు ఆఫీసు జీపు తాళంచెవి పోయింది. "బజార్ల తాళాల కుతుబుద్దీన్ ఉన్నడు గద కాక, జల్ది పిలుచుకొస్త," అన్నాడు డ్రైవర్ చాంద్ పాషా. "ఇంతమంది ఫిట్టర్లం ఉండంగ చాబికి బయటోన్ని పిలుస్తె నవ్వరార? నేన్ జేస్త," అన్నాడు ఓదెలు. ఇత్తడి రేకుకు దీపం మసి పట్టించి, తాళంలో పెట్టి తీసి, గీతలు పడ్డచోట ఆకురాయితో అరగదీశాడు. మోచేతిని డొక్కకు అదిమిపెట్టుకున్నా ఒకచోట ఆకురాయి జారి లోతుగా దిగింది. అది అతనికి తెలిసింది. కానీ చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. కొత్త తాళంచెవి తాళంలోకి పోయింది, తిప్పగానే లోపలే విరిగింది. "ఏంది కాక, జీపు నోట్లె ఇత్తడి పన్ను పెట్టినవా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. వాళ్ల వెనక నిలబడ్డ వర్క్‌షాపు ఇంజనీరు నవ్వలేదు. ఆయన విరిగిన చెవిని కాదు, దాన్ని పట్టుకున్న చేతిని చూస్తున్నాడు. మరునాడే ఓదెలును పరీక్షకు దవాఖానకు పంపారు.

ఇప్పుడు ఓదెలు అదే వర్క్‌షాపు ఊడుస్తున్నాడు. చాయ్ గ్లాసును అందరి ముందే ఎత్తుకుంటాడు. సగం అంగీ మీదే ఒలుకుతుంది.