విరిగిన ముందుపన్ను

రాయదుర్గం ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఆ అలవాటు ఇంట్లోనూ మానను, మా అమ్మాయిని అడిగితే చెబుతుంది. ఆ మధ్య పోలీస్ స్టేషన్ల కోసం ఒక ప్రోగ్రాం చేశాం. ఫిర్యాదులో ఉన్న గాయం ఏమిటో కొడితే, కొత్త న్యాయ సంహిత ప్రకారం అది మామూలు గాయమో, తీవ్ర గాయమో చూపించాలి. చట్టం తీవ్ర గాయాలను ఎనిమిది రకాలుగా చెప్పింది. కంటిచూపు పోవడం, వినికిడి పోవడం, అలా వెళ్తూ వెళ్తూ ఏడోది, ఎముక గానీ పన్ను గానీ విరగడం. పన్ను అని కొట్టాను. తీవ్ర గాయం అని వచ్చింది.

పక్క సీటులో నల్గొండ ఆమె తొంగిచూసింది.

"ఏందక్కా, పన్ను ఇరిగినా కన్ను పోయినా ఒక్కటేనా? గిది సాఫ్ట్‌వేర్ తప్పే, లిస్టుల రాసెయ్."

"తప్పు కాదు. చట్టంలోనే ఉంది," అని కసిరాను. నా కోపం ఆమె మీద కాదు.

రెండేళ్ల క్రితం మార్కుల గొడవలో మా అమ్మాయి మీదికి స్టీలు గ్లాసు విసిరాను. ముందుపన్ను సగానికి విరిగింది. చెయ్యి జారిందని మావారికి చెప్పాను. జారలేదు, గురి చూసే విసిరాను. బాత్రూంలో పడ్డానని అమ్మాయి బయట అందరికీ చెప్పుకుంది. నేను చెప్పమనలేదు, వద్దనీ అనలేదు. అప్పటికి అది నాకు ఇంటి గొడవ, అంతే. ఇప్పుడు దానికొక సెక్షన్ ఉందని తెలిసి అన్నం సయించలేదు.

ఆ శనివారం ఆ విరిగిన పన్నుకు తొడిగించిన క్యాప్ ఊడితే తెల్లాపూర్‌లో కొత్త పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"ఎలా విరిగిందమ్మా?" అని అడిగారాయన, కార్డు రాసుకుంటూ.

"బాత్రూంలో..." అంటోంది అమ్మాయి.

"నేనే కొట్టానండి, గ్లాసుతో," అన్నాను.

డాక్టరు పెన్ను ఆపారు. నవ్వారు. "తల్లన్నాక ఒక దెబ్బ వేస్తుంది లెండి. ఇంటి విషయాలు నాకెందుకండి, పడిపోయిందని రాసేస్తాను."

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది.

"అమ్మ చెప్పిందే రాయండి డాక్టర్," అంది మా అమ్మాయి, నా వైపు చూడకుండా.

ఆయన రాశారు. అమ్మాయి ఆ కార్డు అడిగి తీసుకుని, రాసింది మొత్తం చదివి, తిరిగి ఇచ్చేసింది. అప్పుడు గానీ ఆయనకు పన్ను చూపించడానికి నోరు తెరవలేదు.