నెల రోజుల జెండా

మొన్న మా మనవడు సెల్‌ఫోనులో జెండాల ఆట ఒకటి పెట్టుకుని, ఇప్పుడు భూమ్మీద లేని రాజ్యాల జెండాలట, ఒక్కొక్కటే చూపిస్తూ ఇంటిల్లిపాదినీ పరీక్షిస్తున్నాడు. ఎర్రటి గుడ్డ, నడుమ ఆకుపచ్చటి వృత్తం, అందులో రెండు పసుపుపచ్చ లవంగాలు ఉన్న జెండా దగ్గరికి వచ్చేసరికి వాడి తండ్రీ తాతా ఇద్దరూ చేతులెత్తేశారు. బీరకాయ తరుగుతున్న నేను కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే, జాంజిబార్ సుల్తానుది, నెల రోజులే ఎగిరింది అన్నాను. బజారుకెళ్తే మన సందు ఏదో మరిచిపోయే మామ్మకి ఇదెలా తెలుసని వాళ్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉన్నారు. ఆ జెండా నేను నా చేత్తో కుట్టాను, అదీ ఒకసారి కాదు, విప్పి రెండోసారి.

మాది చీరాల. నాన్నకి బట్టల కొట్టు, పెదనాన్నది ఆ పక్కదే, బాబాయిది ఎదురుగా. ఆ మూడు కొట్ల మధ్య పెరిగినదాన్ని గనక నాకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది. ప్రార్థనలో కూడా, నువ్విది చేస్తే నేనది మానేస్తానని ప్రభువుతో బేరం పెట్టేదాన్ని, ఎక్కువసార్లు ఆయనే గెలిచేవాడనుకోండి. నర్సింగు చదివి గల్ఫుకి వెళ్లేటప్పుడు ఏజెంటుతో ఒక పూటంతా వాదించి, జీతం మీద పైసా పెంచలేక, ఒక రేకు ట్రంకుపెట్టె మాత్రం సాధించుకుని, ఏదో కోట పడగొట్టినట్టు విమానం ఎక్కాను.

డెబ్బైల నడుమ ఒమాన్‌లో సోహార్ అంటే సముద్రం, ఖర్జూర తోటలు, కొత్తగా వేసిన తారు రోడ్డు, ఇసుకలో మా ఆసుపత్రి. అక్కడి మగవాళ్ల వార్డుకి అదే తీరాన ఉన్న షినాస్ అనే ఊరి నుంచి ఒక పెద్దాయనని తెచ్చారు. చక్కెర జబ్బు, కుడికాలి వేళ్లు నల్లబడిపోయాయి. ఆయన తాతల నాడు ఒమాన్ నుంచి తెరచాప ఓడలో ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవికి పోయిన కుటుంబమట. అక్కడ సుల్తాను కోటలో రోజూ పొద్దున జెండా ఎగరేసి, సాయంత్రం దించి మడిచే పని ఈయనది. అరవైల్లో తిరుగుబాటు వచ్చి సుల్తాను దేశం విడిచి పారిపోతే, ఈయన కూతుర్ని వెంటబెట్టుకుని అక్కడా ఇక్కడా తలదాచుకుని, మస్కట్‌లో కొత్త సుల్తాను గద్దెనెక్కి మనవాళ్లంతా రండని పిలిచాక ఒమాన్ చేరాడు. అరబ్బీ అంతంతమాత్రమే. దీవిలో గుజరాతీ కొట్లవాళ్ల దగ్గర పట్టుబడిన హిందుస్తానీ ఉండేది. నాదీ కొట్టు హిందీయే గనక మా ఇద్దరికీ బాగా కుదిరింది.

సర్జన్ గారు చూసి, మోకాలి కింద నుంచి కాలు తీసెయ్యాలి, ఈ గురువారం దాటితే నా చేతుల్లో లేదు అన్నారు. అది శనివారం. పెద్దాయన ససేమిరా అన్నాడు. కూతురు మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది, అల్లుడు బతిమాలాడు, సర్జన్ గారు కోప్పడ్డారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను రోజూ డ్యూటీ ఎక్కగానే ఆ నలుపు ఎంతవరకు పాకిందో కాలి మీద పెన్నుతో గీత గీసేదాన్ని. ఆదివారం గీతకి సోమవారం గీత బొటనవేలంత పైకి జరిగింది. ఆ గీత చూశాక నాకు పంతం పట్టుకుంది. కట్టు మారుస్తూ, కాలు ఇవ్వడానికి ఏం తీసుకుంటావు బాబాయ్ అని అడిగేశాను.

ఆయన మొదటిసారి నావైపు తిరిగి నవ్వాడు. "దీవి తీసుకున్నారు, ఇల్లు తీసుకున్నారు, ఇప్పుడు కాలు కూడానా బేటీ? సరే, నా జెండా తెచ్చివ్వు, కాలు పట్టుకుపో."

అమ్మడం ఇష్టంలేని చీరకి మా నాన్న సరిగ్గా ఇలాగే ధర చెప్పేవాడు, కొనేవాడు దణ్ణం పెట్టి వెళ్లిపోవాలని. కానీ నోట చెప్పిన ధరకి ఎదుటివాడు సరేనంటే సరుకు ఇచ్చి తీరాలన్నది కూడా మా వీధి ధర్మమే. అందుకని ఆయన నోరు మూసుకునేలోపే ఖాయం అన్నాను. పక్క మంచం దగ్గర మందులిస్తున్న మా రేపల్లె సిస్టరు విని, "గీచి గీచి బేరమాడేదానివి, ముసలాయన చేతిలో భలే పడ్డావే" అని తెలుగులో దెప్పింది.

నాకు తెలిసినంతలో వాళ్ల జెండా ఉత్త ఎర్రగుడ్డే. తేలిగ్గా తేలిపోతుందనుకుని ఆ మధ్యాహ్నమే సూక్‌లో, అంటే అక్కడి బజారులో, ఎర్ర నూలుగుడ్డ కొని, అంచు మడిచి కుట్టి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన గుడ్డని వేళ్ల మధ్య నలిపి చూసి, పాఠం మొదలుపెట్టాడు. మస్కట్‌నీ జాంజిబార్‌నీ ఒకప్పుడు ఒకే సుల్తాను ఏలాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ వాటాలు వేసుకుని ఒకడు ఎడారినీ ఒకడు దీవినీ తీసుకున్నారు, జెండా మాత్రం ఇద్దరికీ ఆ ఎర్రదే మిగిలింది. ఇంగ్లీషువాళ్లు దీవి వదిలి వెళ్లిన రోజున కోటవాళ్లు ఎర్ర దాని నడుమ ఆకుపచ్చ వృత్తం పెట్టి, దీవికి అన్నం పెట్టిన లవంగాన్ని రెండుగా అందులో నిలిపారు. అది నెల రోజులు ఎగిరింది, అంతలో తిరుగుబాటు. "ఇది మస్కట్ వాళ్ల పాత సరుకు," అని గుడ్డ నా చేతిలో పెట్టాడు. "నా జెండాకి లవంగాలుంటాయి."

ఇరవై ఏళ్లు ఎగరేసిన ఎర్రది వదిలేసి నెల రోజుల దానికోసం పట్టుపట్టడం ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎర్రది అన్నదమ్ములిద్దరిదీ, లవంగాలది మాత్రం ఒక్క దీవిది. ఇది తోచడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

సర్జన్ గారిని అడిగితే ఆపరేషన్ థియేటర్లో చిరిగి మూలపడేసిన ఆకుపచ్చ గుడ్డ తీసుకోమన్నారు. పళ్లెం బోర్లించి వృత్తం కత్తిరించాను. పసుపు పట్టుదారం నా ట్రంకుపెట్టెలో ఉంది. లవంగం ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా, పోపులపెట్టెలోంచి రెండు తీసి ఎదురుగా పెట్టుకుని, అచ్చు అలాగే సన్నగా, ఎండిపోయి, తల విచ్చుకున్నట్టు కుట్టి మంగళవారం పట్టుకెళ్లాను. ఆయన అద్దాలు పెట్టుకుని చూసి, "మా సుల్తాను జెండాలో రెండు మేకులు కొట్టావు బేటీ" అన్నాడు. నేను ఎరిగింది పలావులో తేలే లవంగమే. ఆయన ఎరిగింది చెట్టు మీది మొగ్గ, ఇంకా విచ్చుకోనిది, నిండుగా ఉండేది. టెంపరేచర్ చార్టు వెనక బొమ్మ గీసి చూపించాడు. కోటలో మడతపెట్టేటప్పుడు ఏ మడత మీద మొగ్గ తల వచ్చేదో కూడా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ వేళ గీత చీలమండ చేరింది, అందుకని నోరు మూసుకుని రూముకి వెళ్లి కుట్టంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాను. బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం మానేసి కూడా కుట్టాను. దానికి ప్రభువుతో ఏ బేరమూ పెట్టలేదు.

గురువారం పొద్దున జెండా ఆయన చేతిలో పెట్టాను. మొగ్గల మీద వేలితో తడిమి చూశాడు. ఆకుపచ్చ ఆసుపత్రిదే కదా అన్నాడు. అవును, కాసేపట్లో అదే రంగు బట్టల మనుషుల మధ్య ఉంటావు అన్నాను. ఆయన కొసరు అడిగాడు. పడుకున్నవాడి మీద జెండా కప్పకూడదట, ఒక్కసారి ఎగరేసి దించాలట, అదీ తనే.

సెలైన్ స్టాండు తెచ్చాను. గాజుగుడ్డ పట్టీ చీల్చి తాడు పేనాను. ఆ కాలికి స్పర్శ ఎప్పుడో పోయింది గనక నొప్పి లేదు, నిలబడనివ్వకూడదు నిజమే, కానీ సర్జన్ గారు గడప దగ్గర దాకా వచ్చి, కిటికీలోంచి సముద్రం చూస్తూ ఉండిపోయారు. కూతురు ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. రెండు కాళ్ల మీదా నిలబడి, పట్టీ లాగి, స్టాండు చివరిదాకా జెండా ఎక్కించాడు. వార్డులో గాలి లేదు, అది వేలాడిందంతే. ఆయన గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. తర్వాత దించి, మొగ్గ తల పైకి వచ్చేలా మడిచి కూతురికిచ్చి, తనంతట తనే ట్రాలీ ఎక్కి, "చలో" అన్నాడు.

బతికాడు. తీసిన కాలిని వాళ్ల ఆచారం ప్రకారం అల్లుడు తీసుకెళ్లి షినాస్‌లో పాతిపెట్టాడు. పదిహేను రోజుల తర్వాత చంకకర్రలతో వార్డులో నడక నేర్చుకుంటూ, అక్కడ అరబ్బువి పొమ్మన్నారు, ఇక్కడ జాంజిబారీవి అన్నారు, ఇప్పుడు నాలో కొంత ఈ మట్టిలో పడుకుంది, ఇక నన్నెవరు పొమ్మంటారో చూస్తాను అన్నాడు. షినాస్‌లో ఆయన ఇంకా ఆరేళ్లు ఉన్నాడని, మనవరాలి పెళ్లి కూడా చూశాడని కూతురు తర్వాత కబురు చేసింది.

ఇప్పుడు సోహార్‌లో ఓడరేవూ ఉక్కు కర్మాగారాలూ వచ్చాయట, మా ఇసుక ఆసుపత్రి ఆనవాలు ఉందో లేదో తెలియదు. నిరుడు నా మోకాలి ఆపరేషనుకి ముందు తెల్లకోటు అమ్మాయి ఒకతె పలక లాంటిది తెచ్చి, ఒప్పుకున్నట్టు ఇక్కడ వేలితో సంతకం పెట్టండి ఆంటీ అంది. ఆ పిల్లది తప్పేమీ లేదు, ఆ వరసలో ఇంకా తొమ్మిది మంచాలున్నాయి. పెట్టేశాను, బేరం లేదు, కొసరు లేదు. ఆ అమ్మాయి వెళ్లాక, ఒకవేళ స్టూలు లాక్కుని కూర్చుని, మీరేం తీసుకుంటారండీ అని అడిగి ఉంటే ఏం కోరేదాన్నా అని చాలాసేపు ఆలోచించాను. పెద్దాయనకి అడగడానికి ఒక జెండా ఉంది. నాకేమీ తోచలేదు.