ఏమీ దాచుకోము అని రాసిన పేజీ

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పాతకాలపు సంతలు, వర్తక సంఘాలు నాకు ఇష్టమైన పాఠాలు. కొన్నేళ్ల కిందట మా వీధిలో అద్దెకుండే ఒక ఉద్యోగస్తుణ్ణి, కొరియర్‌లో మత్తు మాత్రలు తెప్పించుకున్నాడని పోలీసులు తీసుకుపోయారు. ఎక్కడ కొన్నాడంటే డార్క్‌నెట్ మార్కెట్‌లో అన్నారు. మామూలుగా వెతికితే కనబడని చోట, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ పేర్లు దాచుకుని నడిపే ఇంటర్నెట్ సంత అన్నమాట. సంత అనగానే నాకు ఆసక్తి పుట్టింది. అవి ఎలా మొదలయ్యాయి, ఎలా మూతపడ్డాయి, నడిపినవాళ్లు ఏమయ్యారు అని వెతికి వెతికి చదివాను. తెలుగులో ఏమీ దొరకలేదు. అందుకే నేనే రాసి ఒక వెబ్‌సైట్ పెట్టాను. మూతపడ్డ సంతల చరిత్ర మాత్రమే. అటువైపు దారి చూపే లింకు ఒక్కటి కూడా లేదు.

నా దగ్గర చదువుకుని, ఇప్పుడు వెబ్‌సైట్లు తయారుచేసే షాపు పెట్టుకున్నతను దాన్ని చేసిపెట్టాడు. ప్రైవసీ పేజీలో ఏం రాయాలి మేడం అని అడిగితే, కూర్చుని ఒక వాక్యం రాసిచ్చాను. ‘ఈ సైటు చూసేవారి వివరాలు మేము ఏవీ దాచుకోము.’ ఇలాంటి విషయం చదవడానికి జంకేవాళ్లుంటారు, వాళ్లకు ధైర్యం చెప్పాననుకున్నాను.

ఒకరోజు క్లాసు నుంచి బయటికి వస్తుంటే కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో అమ్మాయి, సైటులో నా నంబరు చూసి చేసిందట. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని, తడలో తోటివాళ్లతో కలిసి రూములో ఉంటుంది. తమ్ముడు అలాంటి మత్తు మాత్రలకే అలవాటుపడి చిత్తూరులో చికిత్స తీసుకుంటున్నాడు.

“మావోడు యాడ చిక్కుకున్నాడో తెలుసుకుందామని మీరు రాసినేటివి చదివినాను మేడం. కంపెనీ బస్సులో పోతా పోతా చదివేదాన్ని. ఇప్పుడు నా ఫోన్‌లో ఏం తెరిచినా మత్తు మానిపించే ఆస్పత్రి ప్రకటనలే. పక్క సీటామె చూసేసింది. ఇది నీకా, మీ ఇంట్లో వాళ్లకా అని బస్సంతా వినపడేట్టు అడిగింది.”

“నా సైటు వల్ల కాదమ్మా. మేము వివరాలు ఏవీ తీసుకోము” అన్నాను, కొంచెం గట్టిగానే.

“మీరు రాసింది చూసే గదా మేడం, నమ్మి చదివినాను. వేరే యాడా నేను ఈ మాట వెతకలేదు.”

ఫోన్ పెట్టేశాక కూడా నా తప్పేమీ లేదనే అనుకున్నాను. సాయంత్రం ఇంట్లో పాత ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి, దాంట్లో నా సైటు ఒక్కటే తెరిచి నాలుగు పేజీలు చదివాను. మూడో రోజుకు అందులోనూ అవే ప్రకటనలు వచ్చాయి.

షాపుకు వెళ్లి అడిగాను. అతను తల ఎత్తకుండానే, “పేజీని వేరేవాళ్లకు పంపే షేర్ బటన్లు ఉండాయి గదా మేడం, దాంట్లోనించి పోతాది. అందురూ పెట్టుకుంటారు” అన్నాడు.

“పోతాది అంటే? ఎవరికి?”

“ఆ బటన్ ఇచ్చిన కంపెనీకి. ఎవురు వచ్చినారు, ఏ పేజీ చదివినారు, అంతే. పేరు పోదు.”

“నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు మేడం. అయినా లెక్కల పేజీ మీరు దినామూ చూస్తానే ఉండారు గదా!”

నిజమే. రోజూ పొద్దున కాఫీ తాగుతూ, సైటుకు ఎవరెవరు వచ్చారో చూపే పేజీ తెరిచేదాన్ని. ఊరు, ఫోన్ రకం, ఎంతసేపు చదివారు అన్నీ అందులో ఉండేవి. తడ నుంచి ఎవరో ప్రతిరోజూ డ్యూటీ వేళకు ముందు, మాత్రల గురించిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతున్నారని చూసి మురిసిపోయాను కూడా. ఏమీ దాచుకోము అని రాసిన చేత్తోనే అదంతా చూశాను. అవి ఒక మనిషి వివరాలని నాకు తట్టనే లేదు.

ఆ వారమంతా పీకించడమే పని. బటన్లు తీయించాను. లెక్కల పేజీ తీయించాను. అయినా అక్షరాల రూపం, అంటే ఫాంటు, వేరే కంపెనీ దగ్గర నుంచి వస్తోందని, దాంతోనూ వివరాలు పోతున్నాయని తేలింది, అదీ తీయించాను. ఒక వీడియో మిగిలింది, అదీ కబురు పంపేదే, తీయించేశాను. ఒక్కొక్కటి తీస్తుంటే అతను విసుక్కున్నాడు. “ఇంక దీంట్లో ఏం మిగలదు మేడం.” మిగలకపోతే పోనీ అన్నాను. చివరికి సైటును ఉంచిన సర్వర్ కంపెనీకి ఫోన్ చేశాను. వచ్చినవాళ్ల చిట్టా వాళ్లు కూడా రాసుకుంటారట. ఆపమంటే ఫోన్ ముగ్గురి చేతులు మారి, అది మా రూలు మేడం అని పెట్టేశారు.

పోయిన వివరాలనైనా వెనక్కి తీయించాలని బటన్ కంపెనీ ఫారం తెరిచాను. ఎవరి వివరాలు తీసేయాలో వాళ్లే తమ పేరు, గుర్తింపు కార్డు ఫొటో పంపాలని ఉంది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, తప్పు నాదేనని ముందు ఒప్పుకున్నాను. తరువాత ఈ ఫారం సంగతి చెప్పాను.

ఫారంలో ఏమేమి అడిగారో ఆమె మళ్లీ ఒకసారి చెప్పించుకుంది.

“ఇంతవరకూ వాళ్లకు నా పేరు తెలీదు గదా మేడం? తీసేయమనేదానికి నేనే పోయి చెప్పల్లనా?”

ఒళ్లు మండిపోయింది కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు.

“అదంతా వద్దులే మేడం. నేను సగమే చదివినాను. మిగిలింది కాయితాల మీద ఇస్తారా? మావోడికి కూడా చూపిస్తాను.”

అన్ని పేజీలూ ప్రింటు తీయించి, కుట్టించి, కొరియర్ ఆఫీసుకు తీసుకెళ్లాను. పంపేవాళ్ల నంబరు, అందుకునేవాళ్ల నంబరు, లోపల ఏముందో రాయాలన్నారు. ఫారం అక్కడే వదిలేసి బయటికొచ్చాను. ఆదివారం బస్సెక్కి తడ వెళ్లి, రోడ్డు పక్కన హోటల్లో కూర్చుని ఆమె చేతికే ఇచ్చాను. ఇరవై నాలుగేళ్లుంటాయేమో, సన్నగా ఉంది. క్షమించమ్మా అన్నాను. క్షమించానని ఆమె అనలేదు. పుస్తకం తిప్పుతూ, “బస్సులో ఇప్పుడు వెనక సీటులో కూర్చుంటా ఉండాను మేడం” అని మాత్రం అంది. తమ్ముడి గురించి అడిగితే, తిండి బాగా తింటున్నాడని చెప్పింది.

ప్రైవసీ పేజీలో పాత వాక్యం కొట్టేశాను. ఇన్నాళ్లూ ఏమేమి పోయాయో, ఎవరికి పోయాయో, ఇంకా ఏది ఆపలేకపోతున్నానో వరసగా రాశాను. అది రెండు పేజీలైంది. సర్వర్ కంపెనీకి ఇప్పటికి అయిదు ఉత్తరాలు రాశాను. ప్రతిదానికీ ఒకటే జవాబు వస్తోంది, మీ ఫిర్యాదు నమోదైంది అని.