ఎర్ర కారుకు ప్రార్థన మనవి

పద్దెనిమిదేళ్లు బొగ్గుబావిలోకి దిగి, ప్రతిసారీ ఎట్లా వెళ్లానో అట్లాగే పైకి వచ్చినవాణ్ణి నేను. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు. దేవుని కృప. నా జీవితంలో పెద్ద ప్రమాదం అంటూ జరిగింది భూమి పైనే, పట్టపగలు, జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరు గారి వరండాలో. అక్కడ నన్ను ఎవరూ తొయ్యలేదు. నా నోరే తోసింది. ఆ కథ చెబుతాను, నవ్వండి. మా మందిరంలో ఇప్పటికీ నవ్వుతున్నారు, మీరు మాత్రం ఎందుకు ఆగాలి?

తెలంగాణ రావడానికి ఆరేడేళ్ల ముందటి మాట. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరు, బావిలో ఎలక్ట్రీషియన్ పని, ఇంట్లో భార్య సుగుణ, ఇద్దరు మగపిల్లలు. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. లోకాశల మీద నేను చెప్పే పాఠానికి మంచి పేరుండేది. పిల్లలు ఆ ఒక్కరోజు ఐస్‌క్రీము బండి వైపు చూసేవాళ్లు కాదు. అంత పేరున్నవాణ్ణి, ఒకనాడు మొదటి షిఫ్టు దిగి ఏదో పని మీద జ్యోతినగర్ వెళ్లి, కరెంటు ప్లాంటు ఇంజనీర్ల క్వార్టర్ల మధ్య ఆ కారును చూశాను.

ఎర్రది. రెండే తలుపులు, రెండే సీట్లు. ఎత్తు నా నడుము దాకా. పైకప్పు ఇనుముది కాదు, నల్లటి గుడ్డ. కావాలంటే దుప్పటిలా మడిచి వెనక్కి నెట్టుకోవచ్చు. పరుగు పందెంలో ఈల కోసం చూస్తున్న పిల్లవాడిలా ముందుకు వంగి నిలబడి ఉంది. మా దగ్గర ఏ రంగు కారు కొన్నా నెల తిరిగేసరికి బొగ్గు ధూళి రంగే. ఇది మాత్రం అప్పుడే నీళ్లు పోసుకుని వచ్చినట్టుంది. చాలాసేపు చూసి స్కూటరు దగ్గరికి తిరిగొస్తే కాళ్లు చురుక్కుమన్నాయి. చూసుకుంటే చెప్పులు లేవు. మందిరం గుమ్మంలో విడిచినట్టు ఆ కారు పక్కనే విడిచేశాను! అయినా నా మీద నాకు అనుమానం రాలేదు చూడండి.

అద్దానికి 'అమ్మబడును' అని కాగితం అంటించి ఉంది. యజమాని ప్రసాద్ గారు కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. బదిలీ అయింది, నెలాఖరుకు సామాను సర్దుకుని పోవాలి. ధర రెండు లక్షల పాతిక వేలు అన్నారు. 'ఊరికే అడిగాను సారు' అన్నట్టు ముఖం పెట్టి వచ్చేశాను. ఆ ముఖం పెట్టడానికి నేను పడ్డ కష్టం మూడో షిఫ్టులో కూడా పడలేదు.

అక్కడి నుంచి నేరుగా మెకానిక్ యాకూబ్ భాయ్ షెడ్డుకు వెళ్లాను. పాత బండ్ల ధరల్లో ఆయన్ని మించినవాడు మా బొగ్గు బెల్టులో లేడు.

"జల్ది చెయ్యకు భాయ్" అన్నాడు. "వానకాలం వచ్చె. గుడ్డ కప్పు కారు ఈ వానల ఎవడు కొంటడు? గట్లని దసరా దాక ఆగకు. బోనసు పడ్డదంటే ఈడ పాత బకెట్టు గూడ బంగారమైతది. సారు సామాను లారీ ఎక్కే రోజు పో. అన్నీ ఎక్కినంక కారు ఒక్కటి మిగుల్తది. అప్పుడు నువ్వు చెప్పిందే రేటు."

"ఎంతకు అడగాలె?"

"లక్షా అరవైకి అడుగు, ఇస్తడు. గని ఒక్క మాట. నీ జేబుల ఎంతున్నదో, ఎప్పటిదాక ఆగుతవో ఎవ్వనికి చెప్పకు."

"తోబా, తోబా. నేనెందుకు చెప్త?" అన్నాను. ఇది గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఇంట్లో సుగుణ అంతా విని ఒకటే అడిగింది. "మనం నలుగురం. అండ్ల ఇద్దరే పడ్తరంటివి. మిగిలినోళ్లు ఎన్కనుంచి ఉరకాల్నా?"

"పిల్లలు ఒళ్లో కూసుంటరు."

"పెద్దోడు నా భుజం దాటిండు. ఆన్ని ఒళ్లో నువ్వే కూసోపెట్టుకో."

అయినా మంచి మనిషి. పీఎఫ్ లోను, దాచిన బోనసు, తన చిట్టీ అన్నీ కలిపి చూసింది. రెండు లక్షల పదివేలు. "ఇది దాటితే ఒక్క రూపాయి లేదు" అని, లెక్క కాగితం మడుస్తూ మెల్లగా అంది. "గా మందిరం రేకులకు మనమింక ఏమియ్యకపోతిమి."

అవును. ఎండాకాలం గాలిదుమారానికి మా మందిరం రేకులు సగం లేచిపోయాయి. వాన పడితే ఆరాధన ఆగేది కాదు గానీ, ఆడవాళ్ల వైపు నాలుగు బకెట్లు, మగవాళ్ల వైపు మూడు. కొత్త రేకులకు యాభై వేలు కావాలి. రెండు పది లోంచి లక్షా అరవై తీసేస్తే ఎంత? సరిగ్గా యాభై! నా ఒళ్లు జలదరించింది. ఇది దైవసంకల్పం కాకపోతే మరేమిటి? ఎర్ర కారు మీద నా కోరిక ఆ క్షణంలో తెల్లబట్టలు కట్టుకుని సేవగా మారిపోయింది.

బుధవారం సాయంత్రం కూడిక. మా దగ్గర ఒక ఆచారం ఉంది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు "ప్రార్థన మనవులున్నోళ్లు చెప్పుండ్రి" అంటారు. ఒక్కొక్కరు లేచి ఇంట్లో కష్టం దాచకుండా చెబుతారు. వారమంతా అందరూ ఆ మనవి కోసం ప్రార్థిస్తారు. ఆ రోజు ఒకాయన మోకాళ్ల నొప్పి చెప్పాడు, ఇంకొకాయన కొడుక్కి భూమి పైన డ్యూటీ కావాలన్నాడు, ఒకామె షుగర్ సంగతి చెప్పింది. వాళ్ల తరువాత నేను లేచాను.

"వందనాలు. జ్యోతినగర్‌ల ఒక సారు కారు అమ్ముతుండు. ఎర్ర కారు. సేవకు పనికొస్తదని నా ఆశ."

అయ్యగారు సంతోషపడ్డారు. "మంచిది ప్రభుదాసూ. ఎంతమంది పడ్తరు?"

"ఇద్దరు అయ్యగారూ."

"ఇద్దరా?"

"నేనూ, మీరూ."

పక్కనే కూర్చున్న ఆయన భార్య, మా అమ్మగారు, ఆయన వైపు చూశారు. ఆయన గబగబా "సరే, సరే, మనవి చెప్పు" అన్నారు.

చెప్పాను. దేవుని ముందు దాపరికం ఎందుకని మొత్తం చెప్పాను. నా దగ్గర రెండు లక్షల పది ఉన్నాయని. అందులో పీఎఫ్ ఎంతో, సుగుణ చిట్టీ ఎంతో. సారు లారీ ఎక్కే రోజు దాకా ఆగుతానని. ఆయన మనసు కరిగి లక్షా అరవైకి ఇస్తే మిగిలిన యాభై వేలు రేకులకే ఇస్తానని. దానం రహస్యంగా చెయ్యాలని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పిందెవరనుకున్నారు? నేనే. మందిరమంతా "ఆమేన్" అని మోగింది. ఒక చిన్న కారు ధర తగ్గాలని అంతమంది అంత గట్టిగా అడగడం మా బెల్టులో అదే మొదలు, అదే ఆఖరు.

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మార్తమ్మ అవ్వ. ఆమె ప్రార్థన గురించి చెప్పాలి. చదువు లేదు, భర్త బావిలో పోయాడు, నలుగురు పిల్లల్ని ఇంజనీర్ల ఇళ్లలో వంట చేసి పెంచింది. ఎవరి మనవి అయినా అంగీకరించిందంటే విడిచిపెట్టదు. మనలా మంచం పక్కన మోకరించి ఐదు నిమిషాలు చెయ్యదు. నడుస్తూ, గిన్నెలు తోముతూ, కూర కలుపుతూ, పక్కింట్లో ఉన్న మనిషితో మాట్లాడినట్టు పైకే మాట్లాడుతుంది. నా జీవితంలో నేను చూసిన గొప్ప విశ్వాసి ఎవరంటే ఈ రోజుకీ ఆమె పేరే చెబుతాను.

ఆ రోజు నా చెయ్యి పట్టుకుని "ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను ప్రార్థనల పట్టు పడ్త. దేవుడు నన్ను పెట్టవలసిన తావుల్నే పెట్టిండు" అంది. ఎంత మంచి మాట అనుకున్నాను. ఏ తావులో పెట్టాడు అవ్వా అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

మూడు వారాలు ఆగాను. వాన పడ్డ ప్రతిసారీ ధర తగ్గుతున్నట్టు నాకు వినబడేది. మందిరంలో బకెట్లు నిండుతున్నాయి, నా ధైర్యం కూడా నిండుతోంది. చివరికి లారీ వచ్చింది. సుగుణ ఇచ్చిన డబ్బు సంచి చొక్కా లోపల పెట్టుకుని, వానలో జ్యోతినగర్ చేరాను. బీరువా ఎక్కింది, మంచాలు ఎక్కాయి, కారు ఒక్కటే షెడ్డు కింద మిగిలింది. యాకూబ్ భాయ్ చెప్పిన దృశ్యం అక్షరాలా అదే.

వరండాలో ప్రసాద్ గారు కుర్చీ వేశారు. నేను కూర్చోకుండా తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"టైర్లు అరిగినయి సారు."

"అరిగాయండి."

"పైగుడ్డ చిరిగింది."

"రెండు చోట్లండి. వెనక కూడా చూడండి."

"స్పేరు పార్ట్లు దొరుకయి."

"హైదరాబాద్‌లో కూడా దొరకవండి."

ఇదేం బేరం? తిట్టినదానికల్లా తలూపే మనిషితో ఎట్లా బేరమాడతారు? ఇక ఆలస్యం చెయ్యకుండా "నా దగ్గర ఉన్నదే లక్షా అరవై సారు. ఇష్టమైతే ఇయ్యుండ్రి" అన్నాను.

ప్రసాద్ గారు చిరునవ్వు నవ్వారు. "రెండు లక్షల పదివేలండి."

పాతిక అన్న మనిషి పది దగ్గరే ఎందుకు ఆగాడు? "గంత లేదు సారు" అన్నాను.

"ఉందండి. పీఎఫ్ లోను ఉంది, బోనసు ఉంది, మీ ఆవిడ గారి చిట్టీ కూడా ఉంది కదండీ."

నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి ఒక గొంతు వచ్చింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు.

"తండ్రీ, ప్రభుదాసు వచ్చిండు. వరండల నిలబడ్డడు. ఆని తాన రెండు లక్షల పది ఉన్నయి, నీకు తెల్వనిదేమున్నది. లారీ వచ్చేదాక ఆగుమన్న తెలివి గూడ నువ్విచ్చిందే. ఈ సారు మనసు కరిగించు తండ్రీ. లక్షా అరవైకే ఇప్పించు. మందిరానికి రేకులు కావాలె తండ్రీ..."

తొంగి చూస్తే మార్తమ్మ అవ్వ. కళ్లు మూసుకుని, గరిటె పట్టుకుని, ఇంకా లారీ ఎక్కని పొయ్యి మీద పప్పు కలుపుతోంది.

"మూడు వారాలుగా వింటున్నామండి" అన్నారు ప్రసాద్ గారు. "పొద్దున్న ఉప్మాతో ఒకసారి, మధ్యాహ్నం పప్పుతో ఒకసారి. ఈ మధ్య మా ఆవిడ కూడా ఆమేన్ అంటోందండి."

బావిలో కరెంటు పోయినప్పుడు కూడా నాకు అంత చీకటి కనబడలేదు. కారు కావాలంటే రెండు పది ఇవ్వాలి, అప్పుడు రేకులు లేవు. కారు వద్దనుకుంటే రేకులేమిటి, మందిరానికి ఫ్యాన్లు కూడా వస్తాయి. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. వచ్చి తలుపు కొట్టింది. నేను ఇంట్లో లేనట్టు ఊరుకున్నాను. షెడ్డు కింద ఎర్రగా అది నా వైపే చూస్తోంది మరి. సంచి తీసి రెండు లక్షల పదివేలూ ఇచ్చేశాను. బుధవారం కూడికలో ఏ ముఖం పెట్టుకుని నిలబడాలో మాత్రం తెలియలేదు.

ప్రసాద్ గారు డబ్బు తీసుకుని "మార్తమ్మ గారూ, ఒకసారి రండి" అని పిలిచారు. కట్టలోంచి యాభై వేలు తీసి, కొంగుకు చేతులు తుడుచుకుంటున్న అవ్వకు రెండు చేతులతో ఇచ్చారు. "మీ మందిరం రేకులకండి."

"సారు, మీరు మా మతం గాదు గద" అన్నాను.

"కాదండి. కానీ ఈవిడ నా ఇంట్లో నిలబడి, కొత్త ఊళ్లో మా పిల్లలకు మంచి బడి దొరకాలని కూడా రోజూ అడిగింది. మీ కారుకంటే ముందు అదే అడిగేది. పైగా నా మనసు కరగాలని రెండు పూటలా అడుగుతుంటే కరక్కుండా ఎన్నాళ్లుంటానండి? కరిగింది. కాకపోతే మీ వైపు కరగలేదు."

"అట్లయితే లక్షా అరవైకి నాకే ఇస్తే, నేనే ఇద్దును గద రేకులకు?"

"మీ చేతికీ మందిరానికీ మధ్య ఈ కారు ఉంటుందండి. టైర్లు, గుడ్డ, పెట్రోలు. ఏడేళ్లు తోలాను, దీని ఆకలి నాకు తెలుసు."

ఇంతకంటే మంచి ప్రసంగం నేను ఆ తరువాత ఏ సభలోనూ వినలేదు.

అవ్వ ముఖం మాత్రం వెలిగిపోయింది. "చూసినవా బిడ్డా! నువ్వడిగిన లెక్క ఇసుమంత తప్పలే. సారుకు లక్షా అరవై, మందిరానికి యాభై, నీకు కారు."

"మరి నాకేం మిగిలిందవ్వా?"

"నీకు మిగలాలని నువ్వడగలే గద బిడ్డా."

నిజమే, అడగలేదు.

ఇంటికి వస్తుంటే పైగుడ్డ చిరుగుల్లోంచి వాన నా రెండు భుజాల మీదా సమానంగా పడింది. మరుసటి ఆదివారం సుగుణ ఆ కారులో మందిరానికి వచ్చింది, లోపల గొడుగు వేసుకుని. పిల్లలు నా స్కూటరు మీద వాళ్ల మేనమామతో ముందే చేరారు. ఆ నెలలోనే రేకులు పడ్డాయి. అయ్యగారు ప్రసాద్ గారి కుటుంబం కోసం అందరినీ నిలబెట్టి ప్రార్థన చేయించారు. "కారు కొన్న ప్రభుదాసుకు గూడ వందనాలు" అన్నారు చివర్లో, మరిచిపోయి గుర్తొచ్చినట్టు. బయట కుండపోత. లోపల ఒక్క చుక్క పడలేదు. నా కారులో మాత్రం జానెడు నీళ్లు నిలిచాయి.

ఒట్టు పెట్టుకోవడం మా విశ్వాసంలో కూడదు. కాబట్టి దీన్ని ఒట్టు అనకండి, తీర్మానం అనండి. నేను, ప్రభుదాసును, సంఘమంతటి ఎదుట తీర్మానించుకున్నది ఏమనగా: ఇక మీదట ఏది కొన్నా, బేరం ముగిసి కాగితం చేతికొచ్చేదాకా నా ప్రార్థన మనవిలో అంకె ఉండదు, తేదీ ఉండదు, దానం ఊసు అసలే ఉండదు. అంతగా పైకి అడగాల్సి వస్తే, అవ్వ ఆ వారం ఎవరి ఇంట్లో వంట చేస్తోందో ముందుగా కనుక్కుని, ఆ తరువాతే లేచి నిలబడతాను. ఆమేన్.