డ్రైవరు వైపు తలుపు

ఫిబ్రవరి, రెండో శనివారం. హాజరైనవారు: నేను, నా భార్య, పక్కింటి బావ. స్థలం: టాటానగర్, భాలుబాసాలో మా ఇంటి ముందు, గేటుకీ కొళాయికీ మధ్య.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్సు చేసినన్నాళ్లూ ఏ పని మొదలుపెట్టినా ముందు తేదీ, ఆ తర్వాత పని దగ్గర ఎవరెవరున్నారో రాసేవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మా ఇంట్లో గ్రైండరు బెల్టు మార్చినా హాజరు పడుతుంది.

పక్కింటి బావ నిజానికి నాకు చుట్టం కాడు. రైల్వేలో సిగ్నళ్ల మరమ్మతు చేసి టాటానగర్‌లోనే రిటైరయ్యాడు. వాళ్లదీ మాదీ శ్రీకాకుళం జిల్లాలో పక్కపక్క ఊళ్లని తెలిసిన నాటి నుంచి నన్ను బావ అంటాడు, నా భార్యను చెల్లి అంటాడు.

ఇక పని సంగతి. మా కారుకు డ్రైవరు వైపు తలుపు తాళం చెడింది. రిమోటు నొక్కితే మిగతా తలుపులు బుద్ధిగా తెరుచుకునేవి. డ్రైవరు తలుపు తాళం మాత్రం టక్కుమని తెరుచుకుని, చేయి వేసేలోపు మళ్లీ టక్కుమని పడిపోయేది. తాళంచెవి తిప్పినా అంతే. లోపలి చిన్న మోటారు పాడై, ఎవరు తెరిచినా తానే మళ్లీ వేసేస్తోంది. అందుకని నేను ఎడమ తలుపులోంచి ఎక్కి, గేరు కడ్డీ మీదుగా కాళ్లు దాటించి నా సీట్లోకి చేరుకునేవాణ్ణి. దిగాలంటే ఒక చేత్తో తాళం గుబ్బను పైకి పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిలు లాగి, భుజంతో తలుపును తోయాలి. తలుపు ఊడినట్టు తెరుచుకునేది, దాని వెనకే మనిషి కూడా బయటపడేవాడు. దీనికి నేను అలవాటు పడిపోయాను. నా భార్య పడలేదు.

ఆమె ఈమధ్యే కారు నేర్చుకుంది. నేను నేర్పుతానంటే వద్దంది. డ్రైవింగ్ స్కూలు నుంచి ఒకమ్మాయి వచ్చి పొద్దున్నే అగ్రికో మైదానం చుట్టూ తిప్పి నేర్పింది. లైసెన్సు చేతికొచ్చిన వారంలోనే వాళ్ల అక్క (మా వైపు అప్ప అంటాం) పలాస నుంచి వస్తున్నానని ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున బండి దిగుతుందట. స్టేషన్‌కి నేనే కారు తీసుకొస్తానని ఈవిడ చెప్పింది. అప్ప గొంతు వంటింట్లోంచి నా దాకా వినబడింది.

"రిచ్చా ఎక్కితే కళ్లు మూసుకునీదానివి, నువ్వు కారు తోల్తావేటే?"

నా భార్య ఫోన్ పెట్టేసి నా దగ్గరకు వచ్చింది. "ఆదివారం నాను ఆ తలుపు తీసుకుని మనిషిలాగ దిగాల," అంది. "సీర కట్టుకుని దొల్లుకుంటూ దిగేనంటే, అప్ప సచ్చేదాకా సెప్పుకుంటాది."

మెకానిక్కుకు ఆ వారమంతా తీరికలేదు. సాక్చీ బజారులో కొత్త తాళం కొనుక్కొచ్చి, శనివారం టిఫిన్లు కాగానే బావను పిలిచాను.

మా ఇద్దరికీ మొదటి గొడవ పని మొదలుపెట్టడం దగ్గరే వచ్చింది. మా ప్లాంటులో యంత్రం ముట్టుకునే ముందు దానికి కరెంటు తీసి, ఆ స్విచ్చి డబ్బాకు తాళం వేసి, ఎర్ర అట్ట తగిలించాలి. తాళంచెవి యంత్రంలో చేయి పెట్టేవాడి జేబులోనే ఉండాలి. రైల్వేలోనూ ఇలాంటిదే ఉంది, కాకపోతే ముందు స్టేషన్ మాస్టరుకు కాగితం రాసివ్వాలట. ఇక్కడ స్టేషన్ మాస్టరు ఎవరన్నది తేలలేదు. చివరికి రేపు బండి నడపబోయేది ఆవిడే కాబట్టి నా భార్యకు నోటితో చెప్పాం. వంటింట్లోంచి సరేనంది.

బోనెట్టు ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీశాను. బావ బోనెట్టు దించి నొక్కేశాడు. కరెంటు డబ్బా తెరిచి వదలకూడదన్నాడు. చాలా సబబుగా తోచింది. ఎర్ర అట్ట లేకపోవడంతో నా భార్య ఎర్ర జాకెట్టు ముక్క ఒకటి తెచ్చి స్టీరింగుకు కట్టాను.

పని బాగా సాగింది. తలుపు లోపలి అట్టను స్క్రూలు విప్పి, అంచు వెంబడి మెల్లగా లాగితే ఊడి వచ్చింది. దాని వెనక అంటించిన ప్లాస్టిక్ కాగితాన్ని చిరగకుండా ఒలిచాం. లోపల సన్నటి ఇనుప కడ్డీలు ఉంటాయి. ఒకటి గుబ్బకు, ఒకటి హ్యాండిలుకు, ఒకటి బయటి తాళంచెవి రంధ్రానికి పోతుంది. వాటిని విడదీసి, తలుపు అంచున ఉన్న బోల్టులు తీసి, పాత తాళాన్ని బయటకు లాగాను. బావ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల పన్ను విరిగిందని తేల్చాడు. కొత్తది సరిగ్గా కూర్చుంది. రెండు కడ్డీలు తగిలించాను. తాళంచెవి వైపు కడ్డీకి ఉండే చిన్న ప్లాస్టిక్ కొక్కెం చేతిలోనే విరిగింది. దాని సంగతి తర్వాత చూద్దామని ఆ కడ్డీని వేలాడనిచ్చాను.

ఇక కరెంటు ఇచ్చి చూడాలి. ఇక్కడ మాత్రం మా ఇద్దరి రూలూ ఒక్కటే. కరెంటు ఇచ్చేముందు మనుషులందరూ బయటికి రావాలి, తలుపులన్నీ మూసి ఉండాలి, ప్రతి భాగమూ తన మామూలు స్థితిలో ఉండాలి. తాళానికి మామూలు స్థితి అంటే వేసి ఉండటమే కదా. బావ ఒక్కో గుబ్బా కిందికి నొక్కుతూ పైకి చదివాడు. నేను ఒక్కో తలుపూ వేస్తూ జవాబు చెప్పాను. ఇద్దరం వెనక్కి జరిగి నిలబడ్డాం. అప్పుడు నేను బ్యాటరీ తీగ పెట్టడానికి బోనెట్టు దగ్గరకు నడిచాను.

బోనెట్టు తెరిచే మీట స్టీరింగు కింద, కారు లోపల ఉంటుంది.

నా జేబులోని తాళంచెవి తీసి డ్రైవరు తలుపుకు పెట్టి తిప్పాను. కడ్డీ వేలాడుతోంది కాబట్టి చెవి ఊరికే గిర్రున తిరిగింది. మిగతా తలుపులకు బయట రంధ్రాలు లేవు. బ్యాటరీ లేని కారుకు రిమోటు పనిచేయదని తెలిసీ బావ దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి చూశాడు. అద్దంలోంచి ఎర్ర జాకెట్టు ముక్క కనిపిస్తోంది.

నా భార్య టీ పట్టుకుని వచ్చింది. మా మొహాలు చూసి గ్లాసులు గోడ మీద పెట్టి, "ఏటైంది?" అంది.

"అంతా రూలు పెకారమే సేసేం సెల్లీ," అన్నాడు బావ.

"రూలు లోపలుంది. మీరు బయటున్నారు," అందావిడ.

మెకానిక్కుకు ఫోన్ చేశాను. "కల్ దోపహర్ కే బాద్ హీ ఆ పాయేంగే, అంకుల్‌జీ," అన్నాడు. రేపు మధ్యాహ్నం దాటాక వస్తే అప్ప ఆపాటికి ఇల్లు చేరి, భోజనం చేసి, నిద్ర కూడా లేచి ఉంటుంది. స్టేషన్‌కి ఆటోలో వెళ్దామని మెల్లగా అన్నాను. నా భార్య నా వైపు చూడలేదు. ఆటోలో వెళ్లడమంటే అప్ప మాట నిజమైనట్టేనని నాకూ తెలుసు. వెనక చిన్న అద్దం పగలగొడదామన్నాడు బావ. అదీ ఎవరికీ నచ్చలేదు.

ఆమె కారు చుట్టూ నడిచి వెనక ఆగింది. "దీనికి సెవి పట్టదా?" అంది.

డిక్కీకి రంధ్రం ఉంది. మేమిద్దరం సిగ్నళ్లనీ యంత్రాలనీ చూసినవాళ్లం, తలుపు బాగుచేస్తూ తలుపులే చూశాం. చెవి తిప్పగానే డిక్కీ తెరుచుకుంది. అక్కడి నుంచి వెనక సీటు వాల్చి లోపలికి పాకాలి. బావకు పొట్ట అడ్డం. నాకు మోకాలు వంగదు. ఇద్దరం ఒకరినొకరు ముందు పొమ్మని మర్యాద చేసుకుంటుంటే ఆమె ఇంట్లోకి వెళ్లి, డ్రైవింగు నేర్చుకున్నప్పుడు వేసుకున్న సల్వార్‌లో తిరిగొచ్చింది.

ఆమె డిక్కీలోకి మోకాళ్ల మీద ఎక్కుతుంటే బావ పద్ధతిగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కడి నుంచే, ఏమీ కనబడకపోయినా, సలహాలు మానలేదు.

"తల దించుకో సెల్లీ. సీటు కొస పట్టుకో."

"ముందు నువ్వు నోరు పట్టుకో అన్నియ్యా," అంది లోపలి నుంచి. చున్నీ స్టెప్నీకి తగులుకుంటే నేను విడిపించాను. సగం దూరంలో ఆమెకు నవ్వొచ్చి ముందుకూ వెనక్కూ కదల్లేకపోయింది. ఆ నవ్వు విని గోడ వైపు తిరిగిన వీపు కూడా ఊగడం చూశాను.

చివరికి సీటు మీదికి దొర్లి, ముందుకు జరిగి, డ్రైవరు సీట్లో కూర్చుని జుట్టు సర్దుకుంది. నేను తలుపు తీయమన్నాను. అద్దం వెనక నుంచి తల అడ్డంగా ఊపి, పనయ్యేదాకా లోపల నుంచి తాళం ఎవరమూ వేయబోమని మా ఇద్దరి చేతా ఒప్పించి, అప్పుడు తీసింది.

విరిగిన కొక్కెం బదులు బావ సన్న తీగతో కడ్డీని బిగించాడు. రైల్వేవాళ్లు దేనినైనా తీగతో కట్టేస్తారని నేను అన్నాను. అందుకే మీ ఇనుము మోసే బళ్లు ఊరు చేరుతున్నాయని అతనన్నాడు. ఈసారి తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచి కరెంటు ఇచ్చాం. నా భార్య రిమోటు తీసుకుని తలుపు వేసి, తీసి, ఎక్కి, దిగి, చీర కట్టుకొచ్చి మళ్లీ ఎక్కి, దిగి చూసింది. తాళం ప్రతిసారీ ఒక్క టక్కుతో తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చల్లారిన టీ అందరం సంతోషంగా తాగాం.

మర్నాడు పొద్దున ఆమే నడిపింది, నేను పక్క సీట్లో కూర్చున్నాను. స్టేషన్ ముందు ఆటోల మధ్య కాస్త ఖాళీ చూసి ఆపింది. అప్ప చేతిలో సంచీతో, పెట్టె మోస్తున్న కూలీని వెంటబెట్టుకుని బయటికి వచ్చి అటూ ఇటూ చూస్తోంది. నా భార్య తలుపు తీసుకుని, కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని దిగి, తలుపు వేసి నిలబడింది. అప్ప ఆమెను చూసింది, కారును చూసింది, వంగి లోపల నన్నూ చూసింది. నన్ను వెనక్కి పొమ్మని చేత్తో సైగ చేసి ముందు సీట్లో తను కూర్చుంది.

బర్మామైన్స్ రోడ్డు మీద చాలాదూరం పైనున్న పిడి పట్టుకునే కూర్చుంది. లారీని దాటాక వదిలేసింది.

"మావోడి కారు ఇంటికాడ ఊరికే పడుంది," అంది కాసేపటికి. "నాకొస్తాదేటే ఇది?"

నా భార్య ముందు మలుపు తిరిగింది. తిరిగాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది.

"రేపు పొద్దున్నే లెగు. అగ్రికో గ్రౌండుకి తీసుకెల్తాను."

నేను వెనక సీట్లో, అప్ప తెచ్చిన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు వచ్చేదాకా ఇద్దరూ క్లచ్ గురించే మాట్లాడుకున్నారు.