ఏసోబు ముక్కు

గుంటూరు పెదకాకాని రోడ్డులో నా సీటు కవర్ల కొట్టు పక్కనే ఏసోబు రేకుల షెడ్డు. పాత కార్లకు చిన్న చిన్న రిపేర్లు చేస్తాడు. పైకి లేవని అద్దం, ఏడుస్తూ తిరిగే వైపరు, స్టీరింగు తిప్పినప్పుడల్లా తనంతట తానే మోగే హారను, ఇవీ అతని రోగులు. ఇంజను జోలికి పోడు. "అది పెద్దాసుపత్రి కేసు. మనది ఆరెంపీ వైద్యం" అంటాడు.

అయితే అతనికి పేరు తెచ్చింది చేతులు కాదు, ముక్కు. పాత కారు కొనేవాడెవడైనా ముందు ఏసోబు చేత వాసన చూపించుకోవాల్సిందే. లోపల కూర్చుని తలుపులు బిగించి, ఒక్కసారి గాలి పీల్చి కారు జాతకం చెప్పేసేవాడు. మిర్చి టిక్కీ బస్తాలు మోసిందా, మార్టూరు గ్రానైటు ఓనరు చుట్టలు కాల్చాడా, అన్నీ తెలిసిపోయేవి. ఒకడికైతే, వెనక సీట్లో కోడి పులుసు ఒలికిందని, అదీ నాటుకోడేనని చెప్పాడు. అమ్మేవాడు తల వంచుకున్నాడు. దేవుడు ఆదాము ముక్కులో ఒక్కసారే ఊదాడట. ఏసోబు విషయంలో లెక్క తప్పి రెండుసార్లు ఊది ఉంటాడు.

ఈ ముక్కుతో ఇంట్లో మాత్రం చావే. భార్య ఎలీసమ్మకు ఎండు రొయ్యలంటే ప్రాణం. పెళ్లయి పాతికేళ్లయినా వాటిని గడప తొక్కనివ్వలేదు ఈ మహానుభావుడు.

రెండేళ్ల కిందట వారం రోజులు జ్వరం కాసి ఆ ముక్కు కాస్తా చచ్చిపోయింది. ఎవరికీ చెప్పలేదు. నాకు తెలియడానికి కారణం ఒక ఎలుక. అది నా కారు ఏసీ బ్లోయర్లో చచ్చి మూడు రోజులైంది. రిపేరుకిచ్చి నేను రోడ్డవతల నిలబడి కక్కుకుంటున్నాను. ఏసోబు అద్దాలెత్తుకుని లోపలే కూర్చుని, అల్లం చట్నీ నంజుకుంటూ ఇడ్లీ తింటున్నాడు. ముక్కు మూసుకుని వెళ్లి తలుపు తీశాను.

"ఏరా, నీకు వాసన రావట్లా?"

చేతిలో ఇడ్లీ పొట్లంలో పెట్టేశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఎవరికీ చెప్పమాక త్రినాథ్. తెలిస్తే నా షెడ్డుకి కుక్క కూడా రాదు."

నవ్వుదామనే అనుకున్నాను. జాలేసింది.

అలా నేను అతని ముక్కునయ్యాను. సీటు కొలతల వంకతో ముందు నేను కారెక్కేవాణ్ణి. ఒకసారి దగ్గితే మిర్చి, రెండుసార్లు దగ్గితే తడి, మూడైతే ఎలుక. తర్వాత అతను ఎక్కి, ప్రార్థన చేసినంతసేపు కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాడు. ఓసారి నాకు పొలమారి ఆగకుండా దగ్గు వచ్చింది. శుభ్రమైన కారును పట్టుకుని, "ఇందులో ఎలుకల కాపురమే ఉంది" అన్నాడు. అమ్మేవాడు లబోదిబోమన్నాడు.

మొన్న ఫిబ్రవరిలో దర్శి వైపు నుంచి షారోన్ అనే నర్సు వచ్చింది. పల్లెలు తిరిగే ఉద్యోగం. స్కూటీ మీద నుంచి పడి చెయ్యి విరిగితే, అది సరిగ్గా అతుక్కోలేదు. ఆరేళ్లు కూడబెట్టుకున్న డబ్బుతో కారు కొందామని బ్రోకర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తెల్లకారు, తళతళలాడుతోంది. ధర మరీ తక్కువ.

"మీరు ఊఁ అంటే కొనుక్కుంటానంకుల్" అంది ఏసోబుతో.

నాకేమో రెండు రోజులుగా జలుబు. ముక్కులో పత్తి కుక్కినట్టుంది. అయినా ఎక్కాను. లోపలి అద్దానికి సెంటు సీసాలు మూడు వేలాడుతున్నాయి. వాటి వాసన కూడా నాకు తెలియలేదు. దిగి నా ముక్కు చూపించి ఏసోబుకేసి తల అడ్డంగా ఊపాను. అతని మొహం పాలిపోయింది.

ఎక్కి కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడు.

"ఏమంటందన్నా ముక్కు? బాగానే ఉంది గదా?" అన్నాడు బ్రోకరు.

బాగుందని చెప్పి పంపెయ్యమని నేను వెనక నుంచి సైగ చేశాను. సిగ్గులేని సలహానే. ఆ క్షణాన నాకు నా స్నేహితుడి పరువే కనిపించింది గానీ ఆ పిల్ల ఆరేళ్ల కష్టం కనిపించలేదు.

ఏసోబు ఆమె వంకర మోచేతి వైపు చూస్తూ దిగాడు. "అమ్మా, నా ముక్కు చచ్చి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా వీడి దగ్గు. ఇయ్యాల వీడికి జలుబు."

బ్రోకరు పగలబడి నవ్వాడు. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు లేచి వచ్చారు. షారోన్ నవ్వలేదు. "మరి ఈ కారు సంగతి ఎట్టా తెలిసిద్దంకుల్?"

ఏసోబు మళ్లీ కారు తలుపు తీశాడు. వంగి డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని, లోపల చుట్టుకున్నదంతా బయటికి వచ్చేదాకా లాగాడు. చివరి జానెడు మేర బురద ఎండి అట్టకట్టి ఉంది.

"వరదలో మునిగిందమ్మా. కార్పెట్లు మార్చారు, సెంట్లు కొట్టారు. బెల్టు కొస ఎవరు ఉతుకుతారు?"

బ్రోకరు గబగబా కారు తోలుకుపోయాడు. ఆ అమ్మాయి డబ్బు నిలిచింది. ఏసోబు గుట్టు సాయంత్రానికల్లా గుంటూరంతా పాకింది. తర్వాత కూడా కార్లు వస్తూనే ఉన్నాయనుకోండి. ఇప్పుడు అందరూ బెల్టు లాగి చూడమంటున్నారు, నన్ను దగ్గమనే నాథుడే లేడు. కానీ ఆ పూట అతనికి అదేం తెలుసు? తన బతుకు అయిపోయిందనే అనుకున్నాడు. ఎలీసమ్మకు చెప్పడానికి నన్ను తోడు లాక్కెళ్లాడు.

ఆమె వంకాయలు తరుగుతోంది. తల వంచుకుని అంతా చెప్పాడు.

"తెలుసు" అంది, కత్తిపీట మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఎప్పట్నించి?"

"జ్వరం తగ్గిన రోజు నుంచే. పొయ్యి మీద పాలు మాడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదివావుగా. నువ్వే చెప్తావని చూశా. మంచం కింద చూసుకో."

వంగి చూశాడు. బుట్టెడు ఎండు రొయ్యలు. రెండేళ్లుగా వాటి పైనే పడుకుంటున్నాడు.

ఆ బుట్టను బయటికి లాగి ఎలీసమ్మ ముందు పెట్టాడు. తర్వాత కాళ్లు కడుక్కుని వచ్చి, ఎలీసమ్మ వంకాయల్లో ఆ రొయ్యలేసి వండిన కూర రెండుసార్లు అడిగి మరీ వడ్డించుకున్నాడు.