స్కేలు చూసి కళ్లు మూసుకున్న పిల్ల

పక్క తరగతిలో ఎవరో చెక్క స్కేలుతో బల్ల మీద ఫట్టుమని కొట్టారు. నా తరగతిలో కూడా సందడి ఆగిపోయింది. ఇన్నేళ్ల సర్వీసు తర్వాతా ఆ చప్పుడు వింటే చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టేస్తాను. రమీజా మేడం గుర్తొస్తారు.

బి.ఇడి.లో ఆమె మాకు మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. ప్రవర్తనావాదం పాఠం నాకు కంఠతా వచ్చు. గంట మోగించి తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకు ఆ గంట వినగానే కుక్కకు నోరూరుతుంది. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. అర్థమైంది మాత్రం కళ్యాణదుర్గంలో, ప్రాక్టీసుకు వెళ్లిన బడిలో.

ఆరో తరగతికి లెక్కలు చెప్పాలి. అల్లరి ఆపడానికి మొదటిరోజే బల్ల మీద స్కేలుతో కొట్టాను, ఆ తర్వాత అరచేతుల మీద. వారం తిరిగేసరికి తరగతి నిశ్శబ్దం. మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చున్న రోజు నాకు గర్వంగానే ఉంది. త్రిభుజం గీద్దామని స్కేలు తీశాను. ముందు వరుసలోని గంగమ్మ కళ్లు గట్టిగా మూసుకుని రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. ఆ పిల్లను నేను ఒక్కసారే కొట్టాను.

బెల్లయ్యాక మేడం వరండాలో నన్ను ఆపారు.

"ఏమ్మా, ఈ వారంలో పిల్లోళ్లు ఏం నేర్చుకున్యారు?"

త్రిభుజాలన్నాను.

"కాదు. నిన్ను చూస్తే భయపడేది నేర్చుకున్యారు. ఆ పాఠం బాగా చెప్పినావు."

దాన్ని చెరిపేయడం ఎలాగని అడిగాను.

"చెరిపేది కాదమ్మా, దాని పైన ఇంకోటి నేర్పాల. స్కేలు దాచిపెట్టొద్దు, రోజూ పట్టుకోనే పో."

మర్నాటి నుంచి అదే స్కేలుతో పిల్లల ఎత్తులు కొలిచాను, పెరట్లోని వేరుశనగ మొక్కలు కొలిపించాను. గంగమ్మ దగ్గరికి మాత్రం తొందరపడి వెళ్లొద్దన్నారు మేడం. వెనక వరుసలో మొదలుపెట్టి రోజుకొక బెంచీ చొప్పున ముందుకు జరిగాను. నాకు ఓపిక చాలేది కాదు. ప్రాక్టీసు ఇంకో వారం ఉందనగా ఆ పిల్ల లేచి గోడకు ఆనుకుని నిలబడింది, తన ఎత్తు కొలవమని. కళ్లు మూసుకోలేదు. కానీ పెదవులు బిగబట్టే ఉంది.

మరుసటి సోమవారం గంగమ్మ రాలేదు. వానలు లేక ఇంటిల్లిపాదీ బెంగళూరుకు కూలికి పోయారట. నేను ఊరట కోసం మేడం దగ్గరికి పరుగెత్తాను.

"రేపు ఆడ ఎవురో టీచరు స్కేలు తీస్తాది. ఈ పిల్ల ఏం చేస్తాదో మనకి తెలీదు" అన్నారు ఆమె.

నాకు ఇప్పటికీ తెలియదు. తరగతిలోకి అడుగుపెట్టగానే ముందు పిల్లల భుజాలు చూస్తాను. ఏ ఒక్కరివి ముడుచుకున్నా పాఠం మొదలుపెట్టలేను. నిన్న నేనేం చేశానా అని వెతుక్కుంటాను.